రాత్రిపూటే రక్తం ఎందుకు తీస్తారు?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. రాత్రి తొమ్మిది దాటాక, అన్నాలు తినేసి జనం మంచాలు వాల్చుకునే వేళకి ఆరోగ్యశాఖ వాళ్ళు టార్చిలైట్లు, గాజు పలకల పెట్టె పట్టుకుని వీధిలోకి వస్తారు. వేలు గుచ్చి, నెత్తురు చుక్కలు పలక మీదికి తీసి, వాటిని ఇంకో పలక మూలతో దళసరిగా పరిచి, పేరు రాసుకుని పక్కింటికి వెళ్తారు. బోదకాలు పురుగు ఎవరి ఒంట్లో ఉందో కనిపెట్టే పరీక్ష అది. నా చిన్నప్పుడు మా మామ్మ వాళ్ళతో గొడవ పడేది. “ఏటి బావూ, నిద్దరోయే ఏలకొచ్చి ఏళ్ళు పొడుస్తారు? పగలు ఒంట్లో రగతం ఉండదేటి?” అనేది. “పగలు తీస్తే పురుగు కనబడదు మామ్మా” అని ఆ కుర్రాడు నవ్వుతూ చెప్పేవాడు. ఆ జవాబు ఆవిడకి నచ్చేది కాదు. నాకూ అర్థమయ్యేది కాదు. పురుగు ఒంట్లోనే ఉంటే పగలు ఎక్కడికి పోతుంది?

తర్వాత జువాలజీ చదువుకున్నప్పుడు తెలిసింది, మామ్మ అడిగింది చాలా పెద్ద ప్రశ్న అని.

బోదకాలు తెచ్చే పురుగు పేరు వుచెరేరియా బాంక్రాఫ్టీ. ఇది సూక్ష్మజీవి కాదు, సన్నటి దారంలాంటి పురుగు. అయితే దీని పిల్లలు మాత్రం మైక్రోస్కోపులోనే కనిపిస్తాయి. పెద్ద పురుగులు మన కాళ్ళల్లో, గజ్జల్లో శోషరస నాళాల్లో (కణాల మధ్య మిగిలిన నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో) కాపురం పెట్టి ఏళ్ళ తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రక్తంలోకి వస్తాయి. అక్కడి నుంచి దోమ కడుపులోకి చేరితేనే వాటి జీవితం ముందుకు సాగుతుంది. మన ప్రాంతంలో ఈ పురుగుని మోసేది మురుగుకాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ. అది రాత్రిపూట కుడుతుంది. పిల్లపురుగులు కూడా సరిగ్గా ఆ వేళకే, రాత్రి పది నుంచి రెండు మధ్య, చర్మం దగ్గరి రక్తనాళాల్లో గుంపులుగా తిరుగుతాయి. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లోకి వెళ్ళిపోయి పగలంతా అక్కడే ఉంటాయి. పగలు వేలు గుచ్చితే పలక మీద ఏమీ కనబడకపోవడానికి కారణం ఇదే.

వాటికి వేళ ఎలా తెలుస్తుంది? 1880ల్లోనే ఒక పరీక్ష చేశారు. రోగిని పగలు పడుకోబెట్టి, రాత్రి మేలుకొనేలా చేశారు. కొన్నాళ్ళకి పిల్లపురుగుల వేళ కూడా తలకిందులైంది. అంటే అవి బయటి చీకటిని చూడడం లేదు, మన నిద్రని పసిగడుతున్నాయి.

నన్ను ఇంతకన్నా ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో సమోవా, తాహితి లాంటి దీవులున్నాయి. అక్కడా ఇదే పురుగు, ఇదే బోదకాలు. కానీ అక్కడ దాన్ని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. అక్కడి పిల్లపురుగులు పగలు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. ఊరి దోమ ఏ వేళకి కుడితే, ఆ ఊరి పురుగు ఆ వేళకి సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. “చూశారా, క్రిములు ఎంత తెలివైనవో, నేర్చేసుకున్నాయి” అంటారు. టీవీ చర్చల్లో డాక్టర్లు కూడా అలాగే మాట్లాడతారు. పురుగుకి మెదడనదగ్గది లేదు, బాక్టీరియాకి అసలే లేదు, వైరస్‌కి ప్రాణం ఉందో లేదో అన్నదే ఒక వాదన. నేర్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. జరిగేది వేరు.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేటతో బియ్యం చెరగడం చూడండి. ఊక ఎగిరిపోదామని అనుకోదు. గింజ నిలబడదామని అనుకోదు. రెండింటికీ బరువులో తేడా ఉంది, చేట ఊగుతోంది. కాసేపటికి ఊక ముందుకి పోతుంది, గింజ వెనక్కి చేరుతుంది. క్రిముల్లోనూ ఇదే నడుస్తుంది. ఒక క్రిమి రెండయ్యేటప్పుడు దాని జన్యువుల్ని కాపీ చేసుకోవాలి. ఆ కాపీలో అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. వాటినే మ్యుటేషన్లు అంటాం. చాలా తప్పులు ఆ క్రిమికే చేటు, కొన్నింటివల్ల లాభమూ లేదు నష్టమూ లేదు. ఎక్కడో ఒకటి మాత్రం ఆ చోట, ఆ వేళకి పనికొస్తుంది. అది ఉన్న క్రిమి మిగులుతుంది, దాని సంతానం నిండిపోతుంది. పగలు తిరిగే పిల్లపురుగులు శ్రీకాకుళంలో దోమకి దొరకవు, వాటి వంశం అక్కడితో ఆగిపోతుంది. రాత్రి తిరిగేవి దొరుకుతాయి. వేల ఏళ్ళు ఇలా చెరిగితే మిగిలేది రాత్రి పురుగే. పైగా వాటి తరాలు మన తరాల్లాంటివి కావు. మనకి ఒక తరం అంటే పాతికేళ్ళు. కడుపులో ఉండే ఈ.కోలై బాక్టీరియాకి అన్నీ అమిరితే ఇరవై నిమిషాలు.

కాబట్టి అడగాల్సింది “క్రిమి ఎంత తెలివైనది” అని కాదు. “ఇక్కడ చేట ఏది, దాన్ని ఊపుతున్నది ఎవరు” అని అడగాలి. ఒక్కోసారి చేట మన ఒంటి కాపలా. ఒక్కోసారి దోమ కుట్టే వేళ. ఒక్కోసారి, ఇది ఒప్పుకోవడం కష్టమే, మనం వేసుకునే మందు, మనం చేసే పరీక్ష.

కొండల వైపు వెళ్దాం. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా ఇవి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీ ఊళ్ళు. వానలు మొదలయ్యాయంటే ఇక్కడ చలిజ్వరం మాట వినిపిస్తుంది. మలేరియా పరాన్నజీవికి మన ఒంట్లో దాక్కోవడానికి దొరికిన చోటుని కాస్త దగ్గర నుంచి చూడాలి.

అది ఎర్ర రక్తకణం లోపలికి దూరుతుంది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒక అలవాటుంది. లోపల దొంగ దూరితే, ఆ దొంగ తాలూకు ముక్కని పైకి తెచ్చి చూపిస్తుంది. కాపలా కణాలు అది చూసి వచ్చి ఆ కణాన్ని చంపేస్తాయి. ఎర్ర రక్తకణానికి ఆ ఏర్పాటే లేదు. కేంద్రకం కూడా లేదు. ఆక్సిజన్ మోయడానికి తప్ప మిగతా సామానంతా బయట పారేసిన సంచి అది. ఫిర్యాదు చెయ్యలేని ఇల్లు. దొంగకి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

లోపలికి వెళ్ళడానికి తలుపు కావాలి. వైవాక్స్ రకం మలేరియాకి ఎర్ర రక్తకణం మీద డఫీ అనే ప్రోటీన్ ఆ తలుపు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాల మీదా ఈ డఫీ ఉండదు. అందుకే అక్కడ వైవాక్స్ చాలా అరుదు. తలుపు మూసేసిన మనుషులన్నమాట. అయితే 2010లో మడగాస్కర్ నుంచి ఒక సంగతి బయటికొచ్చింది. డఫీ లేనివాళ్ళని కూడా వైవాక్స్ పట్టుకుంటోందని. మూసిన తలుపు పక్కన కిటికీ వెతుక్కున్న క్రిములు మిగిలాయి.

లోపలికి దూరాక ఇంకో ప్రమాదం ఉంది, ప్లీహం. పాతబడి బిరుసెక్కిన ఎర్రకణాల్ని ఏరి పారేయడం దాని పని. క్రిమి ఉన్న కణం బిరుసెక్కుతుంది కాబట్టి ప్లీహం దాన్ని పట్టుకుంటుంది. చలిజ్వరం తరచుగా వచ్చే పిల్లలకి ప్లీహం వాచి ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగులుతుంది. మన పెద్దవాళ్ళు దాన్నే “కడుపులో బల్ల పెరిగింది” అనేవారు. బ్రిటిష్ కాలంలో ఊళ్ళో మలేరియా ఎంత ఉందో లెక్క వెయ్యడానికి పిల్లల పొట్ట నొక్కి, ఎందరికి బల్ల ఉందో లెక్కపెట్టేవారు.

ఫాల్సిపారం రకం ఈ ప్లీహాన్ని తప్పించుకునే దారి పట్టింది. తను దూరిన కణం పైన చిన్న చిన్న బొడిపెలు మొలిపిస్తుంది. వాటి మీద జిగురులాంటి ఒక ప్రోటీన్ ఉంటుంది. దాంతో ఆ కణం సన్న రక్తనాళాల గోడకి అతుక్కుపోయి, ప్లీహం వైపు వెళ్ళే ప్రవాహంలో కొట్టుకుపోకుండా నిలబడుతుంది. ఇదే మెదడులోని నాళాల్లో జరిగితే మనిషి స్పృహ తప్పుతాడు. ఫాల్సిపారం ప్రాణాలు తీసేది ముఖ్యంగా ఈ అతుక్కునే గుణం వల్లే. మనల్ని చంపాలన్న కోరిక దానికి లేదు. ప్లీహం నుంచి తప్పించుకున్న కణాల వంశం మిగిలింది, ఆ తప్పించుకునే పద్ధతి మన ప్రాణం మీదికొచ్చింది.

ఆ జిగురు ప్రోటీన్ కణం బయటే ఉంటుంది కాబట్టి మన యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టేస్తాయి. అందుకని ఫాల్సిపారం దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. ఆ ప్రోటీన్‌కి సంబంధించిన జన్యువులు దాని దగ్గర సుమారు 60 ఉన్నాయి. ఒకసారికి ఒక్కటే, చొక్కా తొడుక్కున్నట్టు, వాడుతుంది. మన ఒళ్ళు ఆ చొక్కాని గుర్తుపట్టి వేట మొదలుపెట్టేసరికి, కొన్ని క్రిములు అప్పటికే వేరే చొక్కాలోకి మారి ఉంటాయి. మిగిలేవి అవే. ఒక మనిషి ఒంట్లో నెలల తరబడి మలేరియా తగ్గుతూ పెరుగుతూ ఉండడం వెనక ఉన్నది ఈ బట్టల పెట్టె. పైగా ఒక ఊళ్ళో తిరిగే క్రిమికీ ఇంకో ఊళ్ళో క్రిమికీ చొక్కాలు వేరువేరు. మలేరియా బాగా ఉన్నచోట పుట్టి పెరిగినవాళ్ళు ఏళ్ళ తరబడి చాలా చొక్కాలు చూసేసి ఉంటారు. క్రిమి ఒంట్లో ఉన్నా అంతగా జబ్బు పడరు. మైదానం నుంచి ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిన టీచరుకి, అక్కడే పుట్టిన పసిబిడ్డకి ఆ అనుభవం లేదు. జ్వరం ఉధృతంగా వచ్చేది వాళ్ళకే.

వైవాక్స్ దారి వేరు. అది కాలేయంలో కొన్ని క్రిముల్ని నిద్రపుచ్చుతుంది. జ్వరం తగ్గిపోయి, మనిషి పొలం పనుల్లోకి వెళ్ళిపోయి, వారాలో నెలలో గడిచాక అవి లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. చలికాలంలోనో ఎండాకాలంలోనో దోమలు తగ్గిపోయే చోట ఈ నిద్ర దానికి పెట్టుబడి. దోమలు మళ్ళీ వచ్చేదాకా మన కాలేయంలోనే కూర్చుంటుంది. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. నిద్రపోతున్నవాటి కోసం ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. మూడో రోజుకే ఒళ్ళు తేలికపడి, నాలుగో రోజు కూలికి వెళ్ళాల్సిన మనిషికి మిగతా రోజుల మాత్రలు ఎందుకో ఎవరూ కూర్చుని చెప్పకపోతే ఆ అట్ట గూట్లోనే ఉండిపోతుంది. దీనికి నేను ఆ మనిషిని తప్పుపట్టను. కనబడని పురుగు కోసం మందు మింగమంటే, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత మనది.

క్రిమి మారుతుంటే మనిషి ఊరికే కూర్చోలేదు. ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోకుండా ఉండలేను. జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరుడైన శాస్త్రవేత్త. మనిషి పరిణామాన్ని నడిపిన పెద్ద శక్తుల్లో అంటురోగాలు ఒకటని 1949లోనే రాశాడు. మధ్యధరా సముద్రం చుట్టూ మలేరియా ఉన్నచోటే తలసీమియా ఎందుకు ఎక్కువ అని ఆలోచించి, ఆ రక్తదోషం మలేరియా నుంచి కాపాడుతోందేమో అన్నాడు. 1954లో ఆంథొనీ అలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, వంశంలో వచ్చే రక్తదోషం) విషయంలో దాన్ని చూపించాడు. సికిల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే, ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే జీవితాంతం నొప్పులు, రక్తహీనత. మన ఏజెన్సీలో గిరిజన కుటుంబాల్లో ఈ జన్యువు కనబడడానికి వెనక తరతరాల మలేరియా ఉంది. ఇప్పుడు సికిల్ సెల్ పరీక్షలకి వచ్చేవాళ్ళు “మీ రక్తంలో లోపం ఉంది” అని చెబుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. వాళ్ళ తాతముత్తాతల్ని బతికించిన రక్తం అది.

హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని చదువుకి వాడమని రాసిపెట్టాడు. దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి పంపారు. భువనేశ్వర్ నుంచి కాకినాడకి దారి మన జిల్లాల మీదుగానే.

మలేరియాతో ముడిపడిన రక్తదోషం ఇంకొకటి, జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉండడం. అదీ మలేరియా చెరిగిన చేటలో మిగిలిందే. చిక్కేమిటంటే, అది ఉన్నవాళ్ళకి ప్రైమాక్విన్ ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. అంటే వైవాక్స్ నిద్రని పోగొట్టే మందు, మలేరియా నుంచి కాపాడిన ఒంటికే ప్రమాదం కావచ్చు.

ఇక మందుల సంగతి. ఎర్రకణంలో ఉన్న మలేరియా క్రిమి హిమోగ్లోబిన్‌ని తింటుంది. ఆ తిండిలో హీమ్ అనే విషం మిగులుతుంది. దాన్ని స్ఫటికాలుగా గడ్డకట్టించి తను బతుకుతుంది. క్లోరోక్విన్ ఆ గడ్డకట్టడాన్ని ఆపేస్తుంది, క్రిమి తన తిండి విషంతోనే చస్తుంది. ఎంతో చవక మందు, దశాబ్దాలు పనిచేసింది. 1950ల చివర్లో థాయిలాండ్, కంబోడియా సరిహద్దులో దానికి లొంగని ఫాల్సిపారం బయటపడింది. మన దేశంలో 1973లో అస్సాంలోని కార్బీ ఆంగ్లాంగ్‌లో తేలింది. ఆ క్రిములు తమ కడుపు సంచిలోంచి మందుని బయటికి తోసేస్తాయి. దానికి కీలకం ఒక ప్రోటీన్‌లో 76వ స్థానంలో వచ్చిన ఒక్క మార్పు. దేశంలో ఆ మందు ఎంత వాడితే, లొంగని క్రిమికి అంత చోటు దొరికింది. 2010 నాటికి దేశమంతటా ఫాల్సిపారానికి ఆర్టిమిసినిన్ జంట మందులకి (ఆర్టిమిసినిన్ రకం మందుని ఇంకో మందుతో కలిపి ఇవ్వడానికి) మారాల్సి వచ్చింది.

ఈ కథలో నాకు ధైర్యాన్నిచ్చే ముక్క మలావీలో ఉంది. ఆఫ్రికాలోని ఆ చిన్న దేశం 1993లో క్లోరోక్విన్ వాడకం ఆపేసింది. పన్నెండేళ్ళ తర్వాత పరీక్షిస్తే, అదే మందు మళ్ళీ దాదాపు అందరికీ పనిచేసింది. మందుని తోసేసే ఏర్పాటుకి క్రిమి మూల్యం చెల్లిస్తుంది. మందు లేని చోట ఆ మూల్యం దండగ, పాత రకమే గెలుస్తుంది. చేట ఊపడం ఆపితే ఊకా గింజా మళ్ళీ కలుస్తాయి.

పరీక్ష కూడా చేట అవుతుందని నేను చాలాకాలం ఊహించలేదు. ఆశా కార్యకర్త సంచిలో ఉండే మలేరియా కిట్ ఫాల్సిపారాన్ని హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌తో పట్టుకుంటుంది. గీత పడితే జ్వరం మలేరియాది. 2010లో పెరూలోని అమెజాన్ అడవుల్లో ఆ జన్యువే లేని ఫాల్సిపారం దొరికింది. కిట్‌లో గీత పడదు, మందు ఇవ్వరు, క్రిమి హాయిగా దోమలోకి వెళ్తుంది. ఆఫ్రికాలోని ఎరిత్రియాలో ఇలాంటివి పెరిగి అక్కడ కిట్లే మార్చాల్సి వచ్చింది. గీత పడకపోయినా చలి, వణుకు పోని మనిషికి గాజు పలక మీద రక్తం తీసి మైక్రోస్కోపు కింద చూడడం ఎందుకు మానకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ కళ్ళకి హెచ్‌ఆర్‌పీ2తో పని లేదు.

మిగతా క్రిములవీ ఇవే ఎత్తులు, వరసలు వేరు. క్షయ బాక్టీరియాని మింగేసే కాపలా కణం దాన్ని జీర్ణం చేసే సంచిలోకి పంపాలి. క్షయ ఆ సంచి కలవకుండా అడ్డుపడి, మింగినదాని కడుపులోనే ఏళ్ళు కాపురం చేస్తుంది. కలరా ఇంకో పని చేసింది. 1992లో మద్రాసులో ఓ139 అనే కొత్త కలరా బయటపడి బంగాళాఖాతం తీరం వెంట కలకత్తా, బంగ్లాదేశ్ దాకా పాకింది. అది పాత కలరాయే, వేరే బాక్టీరియా నుంచి జన్యువులు తెచ్చుకుని పై కోటు మార్చుకుంది. పాత కలరాని చూసి గట్టిపడిన పెద్దవాళ్ళ ఒళ్ళు కూడా దాన్ని గుర్తుపట్టలేకపోయింది.

ఒక నమ్మకం గురించి కూడా చెప్పాలి. కరోనా రోజుల్లో చాలామంది “క్రిమి ఏదైనా కాలక్రమంలో మెత్తబడుతుంది, మనిషిని చంపేస్తే దానికే నష్టం కదా” అన్నారు. వినడానికి బాగుంటుంది. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ళ బెడద పోవడానికి మిక్సోమా వైరస్‌ని వదిలారు. మొదట్లో నూటికి 99 కుందేళ్ళు చచ్చాయి. కొన్నేళ్ళకి కాస్త నెమ్మదిగా చంపే రకాలు పైచేయి సాధించాయి, ఎందుకంటే కుందేలు ఎక్కువ రోజులు బతికితే దోమకి ఎక్కువసార్లు దొరుకుతుంది. అయినా అవీ సగం పైగా కుందేళ్ళని చంపుతూనే ఉండేవి. తర్వాత కుందేళ్ళు గట్టిపడ్డాయి, వైరస్ మళ్ళీ పదునెక్కింది. ఫాల్సిపారం వేల ఏళ్ళుగా మనతో ఉంది, ఏం మెత్తబడింది? మంచాన పడిన మనిషిని దోమ ఇంకా సులువుగా కుడుతుంది. అది వ్యాపించడానికి మనం లేచి తిరగక్కర్లేదు.

బోదకాలు పురుగు దీనికి పూర్తిగా ఇంకో కొస. ఏళ్ళ తరబడి మన ఒంట్లో ఉండాలి కాబట్టి, మన కాపలాని చంపదు, నిదానింపజేస్తుంది. ఒంటి మంటల్ని చల్లార్చే సంకేతాల్ని పెంచుతుంది. రక్తంలో వేల పిల్లపురుగులున్న మనిషికి తరచుగా ఏ బాధా ఉండదు. మా వీధిలో వేలు చూపించడానికి అందరికన్నా ముందు నిరాకరించేవాళ్ళు “నాకేం జబ్బు లేదు” అనేవారు. వాళ్ళు చెప్పింది నిజమే, వాళ్ళకేం తెలియదు. వాపు వచ్చేది ఎక్కువగా పురుగులు చచ్చాక, నాళాలు పాడయ్యాక, ఆ చోట వేరే బాక్టీరియా చేరాక. అప్పటికి ఆ మనిషి రక్తం తాగిన దోమలు ఎన్ని ఇళ్ళు తిరిగాయో. ఏ బాధా లేనివాళ్ళందరినీ కూడా ఏటా మాత్రలు మింగమనడం అందుకే.

ఇప్పుడు బోదకాలుకి కొత్త స్ట్రిప్ పరీక్ష వచ్చింది. అది పిల్లపురుగుల కోసం వెతకదు. శోషరస నాళాల్లో కదలకుండా కూర్చున్న పెద్ద పురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది. ఆ పదార్థం రాత్రీ పగలూ ఉంటుంది. వేలు గుచ్చి చుక్క తీసి, పది నిమిషాలు ఆగితే గీత పడుతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. మా మామ్మ ఇప్పుడుంటే ఆ కుర్రాడిని అరుగు మీద కూర్చోబెట్టి, చోడి అంబలి ఇచ్చి మరీ వేలు చూపించేది.